కవరు తీయని పరిశోధన

మంత్రిగారు వచ్చేలోపు చేయాల్సిన పనులు ఇవి:

ఒకటి, గేటు దగ్గర 'భారీ పరిశోధనా కేంద్రం' అని బోర్డు పెట్టించాలి. అక్షరాలు రోడ్డు అవతలికి కూడా కనపడాలి. రెండు, సైకిల్ షెడ్డుకు సున్నం వేయించి 'ఇన్నోవేషన్ బ్లాక్' అని రాయించాలి. మూడు, ఆ షెడ్డులోని సైకిళ్లను మంత్రిగారి కంట పడకుండా ఎక్కడైనా దాచాలి. నాలుగు, నలభై ఆరుగురికి తెల్లకోట్లు కుట్టించాలి. కొలతలు తీసే టైం లేదు కాబట్టి అందరికీ ఒకే సైజు. ఐదు, రెండో అంతస్తు వరండాకు 'రీసెర్చ్ కారిడార్' అని పేరు పెట్టి, ఎవరూ నడవకుండా తాడు కట్టాలి. ఆరు, కొత్త మిషన్ మీది ప్లాస్టిక్ కవరును తుడవాలి. కవరు తీయకూడదు. ఏడు, నీళ్లక్కను ఎక్కడైనా సర్దాలి.

ఈ లిస్టు నా చేతికి ఇచ్చింది మా యూనివర్సిటీ వీసీ గారు. నేను ఆ కేంద్రంలో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అసిస్టెంట్‌ని. మా ఇంటావంటా డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందువల్ల పెద్దలు చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప వేరే విద్య నాకు రాదు. లిస్టులో పరిశోధన ఎక్కడా లేదేమిటని మాత్రం ఒకే ఒక్కసారి అడిగాను.

"అది యాక్టివిటీ కదయ్యా," అన్నారు వీసీ గారు ఓపిగ్గా. "మనది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. రెండూ కలిపితే ఫైలు తిరిగొస్తుంది."

అంత పెద్ద విషయాన్ని అంత చిన్నగా చెప్పగలరు కాబట్టే ఆయన వీసీ అయ్యారు.

ఇక నీళ్లక్క సంగతి. మా యూనివర్సిటీలో అప్పటికి పరిశోధన చేస్తున్నది ఆవిడ ఒక్కతే. మిల్లు వెనక మా పేటలో నలభై చేతిపంపులున్నాయి. కొన్నింటి నీళ్లు తాగి పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి, పెద్దవాళ్ల మోకాళ్లు వంగడం మానేస్తున్నాయి. ఏ పంపు మంచిది, ఏ పంపు చెడ్డది అన్నదే ఆవిడ పరిశోధన. ఆరేళ్లుగా సీసాలు పట్టుకుని పేటంతా తిరిగింది కాబట్టి ఆ పేరు వచ్చింది. నీళ్లలో విషం ఉందని ఆవిడ దగ్గరున్న గాజు గొట్టాలు చెప్పగలవు, ఎంతుందో చెప్పలేవు. అది చెప్పేది కొత్త మిషనే.

మా అమ్మకు కావలసింది కూడా అంతే. మా గడప దిగితే పది అడుగుల్లో ఒక పంపు. ఇంకొకటి పేట చివర, వెళ్లి రావడానికి అరగంట. మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. దానికి ఏ నీళ్లు పట్టాలో తెలియక అమ్మ ఒక రోజు దగ్గరి పంపు, ఒక రోజు దూరం పంపు వాడుతోంది.

"ఆఫీసులో ఏం చేస్తావురా నువ్వు?" అని అడిగింది ఉద్యోగం వచ్చిన కొత్తలో.

"పరిశోధనకు సపోర్ట్ చేస్తానమ్మా."

"ఏం, పడిపోతోందా? సరేలే. దగ్గరి పంపా, దూరం పంపా? ఆ ఒక్క ముక్క మీ వాళ్లను అడిగి చెప్పు."

అడుగుతానన్నాను.

నీళ్లక్క గదిని 'పరిశోధనా సహాయక కార్యాలయం'గా మార్చాం. ఆవిడకు సహాయం చేయడానికి అందులో నలభై ఆరుగురిని వేశారు. డైరెక్టరు, జాయింట్ డైరెక్టరు, వాళ్లకు సలహాదారులు, ఆ సలహాలను అమలు చేసే కోఆర్డినేటర్లు. అంతమందికి కుర్చీలు వేశాక ఆవిడకు చోటు మిగల్లేదు. వరండాలో కూర్చోబెడదామంటే అది అప్పటికే రీసెర్చ్ కారిడార్ అయిపోయింది. చివరికి మెట్ల కింద సర్దాం. ఏడో పని పూర్తయిందని లిస్టులో టిక్కు పెట్టాను.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. మిషన్‌కు రిబ్బను కట్టి ఉంచాం. కత్తెర కవరుకు తగులుతుందేమోనని వీసీ గారు తన అరచేతిని మధ్యలో అడ్డం పెట్టారు. పరిశోధన కోసం ఆ రోజు మా యూనివర్సిటీలో చిందిన రక్తం అదొక్కటే.

"పరిశోధనలు చాలా దేశాలు చేస్తున్నాయి," అన్నారు మంత్రిగారు మైకులో. "కానీ ఇంత పెద్ద ఎత్తున పరిశోధనకు సిద్ధంగా ఉన్నది మనమే. ఈ సిద్ధంగా ఉండటాన్ని ఎవరు అధికారంలోకి వచ్చినా ఆపలేరు."

ఒకే సైజు కోట్లలో నలభై ఆరుగురూ చప్పట్లు కొట్టారు. సగం మంది చేతులు బయటికి రాలేదు గానీ చప్పుడు బాగానే వచ్చింది.

మర్నాడు నీళ్లక్క సీసాలతో వీసీ గారి గదికి వచ్చింది. నన్ను కూడా పిలిచారు.

"సార్, మిషన్ వాడుకుంటాను. నలభై పంపులు, ఒక్కోదానికి మూడు సీసాలు. నూట ఇరవై సార్లు. రెండు నెలల్లో తేలిపోతుంది."

వీసీ గారు బల్ల మీద నుంచి ఒక కాగితం తీసి ఆవిడ ముందు పెట్టారు. ఏడాది చివర వచ్చే ఇన్‌స్పెక్షన్‌లో దేనికెన్ని మార్కులో అందులో ఉంది.

"చూడమ్మా. మిషన్ కొత్తదానిలా ఉంటే ఇరవై మార్కులు. దాంతో పరిశోధన జరిగితే రెండు. వాడారా, పాతబడుతుంది. రెండు కోసం ఇరవై పోగొట్టుకోమంటారా?" నా వైపు తిరిగారు. "నువ్వు డిగ్రీ చదివినవాడివి. నువ్వు చెప్పవయ్యా."

"ఇరవై ఎక్కువ సార్," అన్నాను. నాకు లెక్కల్లో మొదటి నుంచీ మంచి మార్కులే.

"అయినా మీ హక్కును మేం కాదనం," అన్నారు ఆయన. "తొమ్మిదో నంబరు ఫారం నింపండి. నలభై ఆరుగురూ సంతకం పెడితే వాడుకోవచ్చు."

నాలుగు నెలల్లో ముప్ఫై ఒక్క సంతకాలయ్యాయి. ముప్ఫై రెండో ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చి, పాతవాళ్లంతా ఏం చూసి సంతకం పెట్టారో తనకు తెలియాలన్నాడు. ఫారం మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది. ఆ నాలుగు నెలల్లో మా చెల్లెలి పాపకు రెండు పళ్ల మీద మచ్చలు వచ్చాయి.

నేను నియమాల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. అలా చదివినవాడు కేంద్రంలో ఇంకొకడు లేడు. ఒక రోజు మెట్ల కిందికి వంగి ఆవిడతో అన్నాను:

"అక్కా, పద్నాలుగో నియమం ఒకటుంది. మిషన్ గదిలోకి ఎవరు వెళ్లాలన్నా అనుమతి కావాలి. ఒక్క తుడిచేవాళ్లకు తప్ప."

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఆ పోస్టు ఖాళీగా ఉందా తమ్ముడూ?"

"నోటిఫికేషన్ నిన్ననే టైపు చేశాను."

ఇంటర్వ్యూ వీసీ గారే చేశారు.

"ఏమ్మా, ఇంత చదువుకుని ఈ పనికా?"

"ఆరేళ్లు ఇక్కడ నా బల్ల నేనే తుడుచుకున్నాను సార్. అనుభవం ఉంది."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆవిడ తుడిచే పనిలో చేరితే పరిశోధకురాలిగా పేరు తీసేయవచ్చు. ఆ నెల పత్రికల వాళ్లకు మేం పంపిన ప్రకటనలో 'కేంద్రంలో పరిశోధకుల నుంచి ఫిర్యాదులు: సున్నా' అని గర్వంగా రాసుకున్నాం. అందులో అబద్ధం లేదు. పరిశోధకులు కూడా సున్నాయే.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఏడింటికే ఆవిడ బకెట్టుతో వచ్చేది. తొమ్మిదింటి దాకా మిషన్ గదిలోనే తుడిచేది. తలుపు మూసుకుని అంత శ్రద్ధగా తుడిచేవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఒక రోజు గుడ్డ జరిగి బకెట్టులో సీసాలు కనపడ్డాయి.

"ఇవేంటక్కా?"

"క్లీనింగ్ లిక్విడ్."

"దీని మీద మా వీధి పంపు నంబరుంది."

"అది కొంచెం స్ట్రాంగ్ లిక్విడ్ తమ్ముడూ. పాపకు పట్టకండి."

ఆ మాట ఇంటికెళ్లి అమ్మకు చెప్పాలా వద్దా అని ఆ రోజంతా ఆలోచించాను. ఆఫీసు విషయాలు బయట చెప్పకూడదని మొదటి నియమం. పైగా మా పంపు మూడు సీసాల్లో అక్క ఒకటే పరీక్షించింది. మూడూ అయ్యేదాకా ఎవరికీ చెప్పనని ఆవిడ నియమం. రెండు నియమాల మధ్య మా అమ్మ ఇంకా పంపులు మార్చుకుంటూనే గడిపింది.

ఏడాది చివర ఇన్‌స్పెక్షన్‌కు ఒక మేడం వచ్చారు. నలభై ఆరుగురూ కోట్లు తొడుక్కుని మిషన్ చుట్టూ నిలబడ్డారు. కవరు అద్దంలా మెరుస్తోంది. నీళ్లక్క గుడ్డ పట్టుకుని మూల నిలబడింది.

"కవరు తీయండి," అన్నారు మేడం.

కేంద్రం చరిత్రలో ఆ మాట ఎవరూ అనలేదు. వీసీ గారు దుమ్ము గురించి ఏదో చెప్పబోయారు. ఈలోగా మేడం తానే కవరు ఎత్తి మీట నొక్కారు. తెర మీద 'పరీక్షలు: 120' అని వచ్చింది.

"వాడని మిషన్ అని రాశారే? ఎవరు వాడారు?"

నలభై ఆరుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు. గోడ తగిలింది.

"ఎవరో ఒకరు చెప్పండి. నూట ఇరవై పరీక్షలు చేసినా మిషన్ ఇంత కొత్తగా ఉండటం నేనెక్కడా చూడలేదు. ఇరవైకి ఇరవై వేస్తాను. ఫలితాలు చూపిస్తే ఆ రెండు కూడా వేస్తాను."

నలభై ఆరుగురూ రెండు అడుగులు ముందుకు వచ్చారు.

"టీమ్ వర్క్ మేడం," అన్నారు వీసీ గారు. తర్వాత నా చెవిలో, "ఫలితాలు ఎక్కడున్నాయో కనుక్కోవయ్యా," అన్నారు.

ఎక్కడున్నాయో కనుక్కోవడానికి నేను మూల దాకా నడవాల్సి వచ్చింది. నీళ్లక్క బకెట్టులోంచి నోట్‌బుక్కు తీసింది గానీ వెంటనే ఇవ్వలేదు.

"ఏ పంపు నీళ్లు తాగొచ్చో ప్రతి పంపు దగ్గరా అంటిస్తామని రాసిమ్మను."

వీసీ గారు అక్కడికక్కడే రాసిచ్చారు. ఆయన సంతకానికి ఎప్పుడూ వెనకాడరు. ఇరవై రెండుకు ఇరవై రెండు వచ్చాయి.

మధ్యాహ్నం నన్ను పిలిచి రెండు కాగితాలు డిక్టేట్ చేశారు. మొదటిది పరిశోధనా పత్రం. నలభై పంపుల ఫలితాలు, పైన నలభై ఆరుగురి పేర్లు, అందరికంటే పైన ఆయన పేరు. రెండోది నీళ్లక్కకు మెమో. శుభ్రం చేసే పనికి నియమితురాలై ఉండి, తొమ్మిదో నంబరు ఫారం లేకుండా పరిశోధనా యంత్రాన్ని పరిశోధనకు వాడినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో మూడు రోజుల్లో చెప్పాలని.

"రెండింటికీ ఇవాళ్టి తేదీయే వెయ్యి," అన్నారు.

వేశాను. పత్రం చివర 'యంత్రాన్ని శుభ్రంగా ఉంచిన సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఒక వాక్యం నా సొంతంగా కలిపాను. ఆయన దాన్ని కొట్టేశారు.

"సిబ్బంది మీద విచారణ నడుస్తోంది కదయ్యా. ఇప్పుడు కృతజ్ఞత చెబితే లీగల్‌గా నిలవదు."

నీళ్లక్క మూడు రోజులు ఆగలేదు. ఆ సాయంత్రమే బకెట్టు అప్పగించి రసీదు తీసుకుంది. పంపుల దగ్గర కాగితాలు అంటించే ఫైలు మాత్రం కదిలింది. ఇప్పటికి పదకొండు సంతకాలయ్యాయి.

ఆదివారం నాడు నేను జీవితంలో మొదటిసారి ఎవరూ చెప్పని పని చేశాను. ఎర్ర రంగు ఒక డబ్బా, ఆకుపచ్చ రంగు ఒక డబ్బా, రెండు బ్రష్షులు కొన్నాను. అక్క నోట్‌బుక్కు నకలు చూసి నంబర్లు చదివింది, ఇద్దరం పూశాం. పంతొమ్మిది ఎరుపు, ఇరవై ఒకటి ఆకుపచ్చ. మా గడప ముందరి పంపుకు ఎర్ర రంగు పూస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుంది.

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి నలభై ఆరుగురా?"

"కాదమ్మా. ఒక్కరే."

అమ్మ అక్క చేతులకంటిన రంగు చూసింది. "స్నానానికి నీళ్లు తోడతానుండమ్మా," అని, పేట చివరి ఆకుపచ్చ పంపుకు బయల్దేరింది. అరగంటలో తిరిగొచ్చింది.

పోయిన వారం మంత్రిగారు కేంద్రం రెండో దశను ప్రకటించారు. ఇంకో ఐదు మిషన్లు, రెండు వందల ముప్ఫై మంది. వాటి కవర్ల కోసం ప్రత్యేకంగా ఒక కమిటీ వేశారు. నేను అందులో సభ్యుణ్ణి.

నీళ్లక్క ఇప్పుడు పక్క యూనివర్సిటీలో తుడిచే పనికి అప్లికేషన్ పెట్టింది. అక్కడ ఇంతకంటే పెద్ద మిషన్ ఉందట, ఇంకా ఎవరూ కవరు తీయలేదట. వచ్చే బుధవారం ఇంటర్వ్యూ. ఇది చదివేవాళ్లలో ఆ ఇంటర్వ్యూ కమిటీ సభ్యులు ఎవరైనా ఉంటే, దయచేసి ఆవిడను గుర్తుపెట్టుకోండి. చాలా శుభ్రంగా తుడుస్తుంది.