ముప్పై ఐదు గంటల సాక్ష్యం

ఆ శనివారం పొద్దున్న కెన్నీ అనుకున్నది చాలా చిన్న పని. పదకొండింటికి పైన ఇంటివాళ్ళ హాల్లో ప్రార్థన కూడిక, అందులో దేవుడు చేసిన మేలు గురించి రెండు ముక్కల సాక్ష్యం, తరవాత ఇంటావిడ జ్ఞానసుందరి ఆంటీ చేతి కోడికూర, మూడింటికి బేకరీలో షిఫ్టు. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. అయినా కెన్నీ భయపడ్డాడు. నరసాపురం నుంచి కెనడాలోని హామిల్టన్ వచ్చిన ఈ పద్నాలుగు నెలల్లో అతను భయపడకుండా చేసిన పని నిద్ర ఒక్కటే. అదీ ఫిబ్రవరి నుంచి సరిగ్గా పట్టడం లేదు.

కాలేజీ నడుస్తున్నన్నాళ్ళూ స్టూడెంట్లు వారానికి ఇరవై నాలుగు గంటలకు మించి బయట పని చేయకూడదు. కెన్నీకి బేకరీలో, గోడౌన్‌లో, కిరాణా కొట్టులో మూడు పార్ట్‌టైమ్ పనులున్నాయి. ఏ వారానికావారం గంటలు కూడుకుని హద్దు దాటకుండా చూసుకునేవాడు. ఫిబ్రవరిలో ఒక్క వారం మాత్రం, మూడుచోట్లా మనుషులు జ్వరాలతో మంచమెక్కితే, మేనేజర్లకు కాదనలేక ముప్పై ఐదు గంటలు చేశాడు. అప్పటినుంచి ఇంటిముందు తెల్లకారు ఆగితే చాలు, ఇమిగ్రేషన్ వాళ్ళు తనకోసమే వచ్చారనుకుని గదిలో లైటు ఆర్పేసేవాడు. వాళ్ళొస్తే స్టడీ పర్మిట్ పోతుంది, ఇంకా ఎనిమిది నెలలున్న చదువు పోతుంది, పెట్టె సర్దుకుని విమానం ఎక్కడమే. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

అతను అద్దెకుంటున్నది ప్రేమానందం అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో. అంకుల్ ఆస్పత్రిలో గుమాస్తా, ఆంటీది అదే ఆస్పత్రి వంటగది. ఎన్నికలు ఇంకా పదిరోజులుండగానే అంకుల్ ఇంటిముందు గడ్డిలో, అధికారంలో ఉన్న ఎర్ర పార్టీ బోర్డు పాతాడు. మర్నాటికల్లా పక్కింటి రాజగోపాల్ తన గడ్డిలో ప్రతిపక్షం నీలం పార్టీ బోర్డు, దానికంటే జానెడు ఎత్తుగా పాతాడు. ఈ రాజగోపాల్ హైదరాబాదు మనిషి, అమెరికాలో కొన్నేళ్ళుండి వచ్చిన సాఫ్ట్‌వేరు ఇంజనీరు. కూడికకు ఆయన రావడం ప్రార్థన కోసం కాదు, కోడికూర కోసం. ఆ మాట దాచుకునేవాడూ కాదు.

పాటలయ్యాయి, బైబిలు వాక్యం అయింది. ఆంటీ కెన్నీని లేపి నిలబెట్టింది. అతను గొంతు సవరించుకుని, "దేవుడు మేలు చేశాడండి, వందనాలు" అని కూర్చోబోయాడు.

"అదేం సాక్ష్యం నాయనా! ఏ మేలు, ఎప్పుడు, ఎంత? వివరంగా చెప్పు. విన్నవాళ్ళకి విశ్వాసం బలపడొద్దూ?" అంది ఆంటీ.

ఇరవైమంది కళ్ళు తనమీదే ఉన్నాయి. భయంలో మనిషికి మౌనం చేతకాదు, కెన్నీకి అసలే చేతకాదు. "ఒక్క పని అడిగితే ప్రభువు మూడిచ్చాడండి" అన్నాడు.

"స్తోత్రం!" అన్నారందరూ.

ఆ ఊపులో నోరు జారింది. "ఫిబ్రవరి మూడోవారంలో అందరికీ జ్వరాలొచ్చినా, నేను ముప్పై ఐదు గంటలు పని చేసినా, చిన్న జలుబు కూడా రాకుండా కాపాడాడండి!"

"స్తోత్రం!" ఈసారి ఇంకా గట్టిగా అన్నారు. రెండు నెలలుగా కడుపులో దాచుకున్న అంకెను ఇరవైమంది ముందు తనే చేతులెత్తి మరీ చెప్పుకున్నాడు.

ప్రేమానందం అంకుల్ ముఖం వెలిగిపోయింది. "విన్నారా రాజగోపాల్ గారూ? ఉద్యోగాల్లేవు, ఉద్యోగాల్లేవు అంటారు. ఒక్క కుర్రాడికి మూడు!"

"ఏందండీ మీరు? మూడు పార్ట్‌టైమ్‌లు కలిపితే ఒక్క ఉద్యోగం. అది గ్రోత్ ఎట్లయితది? ముప్పై ఐదు గంటలు ఒక్కచోట ఇచ్చే దిక్కు లేదన్నట్టు కదా!"

"అంకుల్, ప్లీజ్, ఆ అంకె వదిలేయండి" అన్నాడు కెన్నీ.

"నువ్వుండు కెన్నీ. నీకోసమే మాట్లాడుతున్నా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

రాజగోపాల్ అంతటితో ఆగలేదు. కెన్నీ చేతులెత్తినప్పుడు తీసిన ఫొటోను, నాలుగు వందలమంది ఉన్న హామిల్టన్ తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కింద, "మూడు ఉద్యోగాలు, 35 గంటలు. ఇదా అభివృద్ధి?" అని రాశాడు. ప్రేమానందం అంకుల్ ఊరుకుంటాడా? "అవును, ఇదే! మా బేస్‌మెంట్ కెన్నీయే రుజువు!" అని అక్కడే జవాబిచ్చాడు. కూర గిన్నె బల్లమీదికి వచ్చేలోపు ఎనభై మెసేజులు పడ్డాయి. ఎనభై ఒకటోది ఎవరో ముక్కూమొహం తెలియనాయన రాశాడు: "స్టూడెంట్ కదా? లిమిట్ 24 కదా?"

కెన్నీ దాన్ని రెండుసార్లు చదివాడు. కొంప మునిగింది! బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. రేపు ఎవరైనా ఆరా తీసేసరికి తనకసలు ఏ పనీ లేకపోతే కాస్త దయ చూపిస్తారేమో అనిపించింది. ముగ్గురు మేనేజర్లకూ ఒకటే మెసేజు కొట్టాడు, ఇవాళ్టినుంచి మానేస్తున్నాను, క్షమించండి అని. అమ్మకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ బయటికొచ్చేసరికి కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే ఇంటిముందు తెల్లకారు ఉంది. గుమ్మంలో మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్లెట్‌తో ఒకావిడ నిలబడి, ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది. "ప్రభుత్వం తరఫున వచ్చాను. ఈ ఇంట్లో ఉండేవాళ్ళు వారానికి ఎన్ని గంటలు పని చేస్తారో తెలుసుకోవాలి."

వాట్సాప్‌లో పెట్టి అరగంట కాలేదు, అప్పుడే వచ్చేశారు! కెన్నీ ఆవిడ ముందు రెండు చేతులూ జోడించాడు. "ముప్పై ఐదండీ. ఫిబ్రవరిలో ఒక్క వారమే. మళ్ళీ చేయలేదు. నన్ను పంపించకండి మేడమ్, ఎనిమిది నెలలే ఉంది" అంటూ ఏడ్చేశాడు. రాజగోపాల్ చేతిలో ఫోను మెల్లగా జేబులోకి వెళ్ళింది. ప్రేమానందం అంకుల్ తల వంచుకున్నాడు.

ఆవిడ కంగారుపడిపోయింది. "నేను ఇమిగ్రేషన్ కాదు బాబూ! ఉద్యోగాల సర్వే. ప్రతినెలా చేస్తాం. మీరు చెప్పింది ఎవరికీ చెప్పం."

అప్పటిదాకా ఫోనులోంచి తలెత్తని అంకుల్ కూతురు అబిగేల్ ఇప్పుడు ఎత్తింది. కెన్నీ చదివే కాలేజీలోనే విదేశీ విద్యార్థుల ఆఫీసులో పని చేస్తుంది. "వెయిట్. ఫిబ్రవరి థర్డ్ వీక్? దట్స్ రీడింగ్ వీక్, కెన్నీ. కాలేజీ బ్రేక్. బ్రేక్‌లో యూ కెన్ వర్క్ ఫుల్‌టైమ్. వై డిడింట్ యూ జస్ట్ ఆస్క్ మీ?"

కెన్నీ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. రెండు నెలల నిద్ర, రెండు నెలల తెల్లకార్లు! ఎన్ని గంటలైనా పని చేసుకోనిచ్చే సెలవులంటే వేసవి సెలవులే అనుకున్నాడు తను. ఆంటీ మంచినీళ్ళు తెచ్చి, "పిచ్చి సన్నాసీ, మాకు చెప్తే ఏం పోయేది?" అని తల నిమిరింది. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు ఫోను వరసగా మూడుసార్లు మోగింది. బేకరీ, గోడౌన్, కిరాణా కొట్టు. మూడింట్లోనూ ఒకటే సమాచారం: పర్లేదు, ఆల్ ది బెస్ట్, మీ స్థానంలో వేరేవాళ్ళు దొరికారు.

"చూశారా!" రాజగోపాల్ మళ్ళీ లేచాడు. "ఇరవై నిమిషాలల్ల నింపేసిండ్రు. ఎంతమంది ఖాళీగా కూర్చున్నరో లెక్కపెట్టుకోండి!"

"ఇరవై నిమిషాల్లో ముగ్గురికి పని దొరికిందండీ! ఇంతకంటే గ్రోత్ ఏం కావాలి?" అన్నాడు ప్రేమానందం అంకుల్.

"ఇద్దరూ నోరు మూసుకుని తినండి!" అని కసిరింది ఆంటీ. "ఓటు కూడా లేని పిల్లాణ్ణి పట్టుకుని ఉన్న పనులు కాస్తా ఊడగొట్టారు."

సర్వే ఆవిడ వెళ్ళబోతూ ఆగింది. "ఒక్క ప్రశ్న మిగిలింది. మీరు ప్రస్తుతం పని కోసం వెతుకుతున్నారా?"

కెన్నీ ఫోనులో తను మానేస్తున్నానని పంపిన మెసేజు టైము చూసుకున్నాడు. "పన్నెండున్నర నుంచి వెతుకుతున్నానండీ."

తరవాతి శనివారం కూడికలో ఆంటీ ఎంత అడిగినా అతను అంకె ఒక్కటీ చెప్పలేదు: పర్మిట్ ఉంది, పని లేదు, స్తోత్రం.