సోమవారం కిలో

ప్రతి సోమవారం సంచిలో ఒక కిలో ఇసుక పొట్లం చేర్చాలి. పన్నెండు వారాల్లో పన్నెండు కిలోలు మోసే భుజాలు తయారవుతాయి. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఇరవై రోజులు కొండల్లో నడవాలి. పథకమంతా ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో ఉంది. వాళ్ళు మాట్లాడుకునేది అక్కడే మరి.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. నాలుగేళ్ళుగా ఆయనకు భార్య అంటే మెట్ల మీద ఎదురయ్యే ఒక నవ్వు, వంటింట్లో మూతపెట్టిన గిన్నె. ఆ ఇరవై రోజులైనా ఆమె పక్కన నడవాలని ఆయన ఆశ. పైకి చెప్పలేదు. చెప్పడానికి మనిషి దొరకాలిగా!

ఎలాగూ వేళలు వేరు కాబట్టి సాధనకు ఒక సంచే చాలనుకున్నారు. తెల్లవారుజామున ఆయన మోస్తాడు, సాయంత్రం ఆమె మోస్తుంది.

తొమ్మిదో వారానికి మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయనకు చుక్కలు కనిపించాయి. తొమ్మిది కిలోలకే ఇంత రొప్పా? ముసలివాణ్ణయిపోయానని దిగులుపడి, మోకాలి పట్టీ ఒకటి కొని సొరుగులో దాచాడు. మర్నాడు ఫ్రిజ్ మీద చీటీ ఉంది: "పట్టీ నాకేనా? నేను నడవలేనని మీకెవరు చెప్పారు?"

తనదేనని ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు. "ముందుజాగ్రత్తకి" అని రాశాడు.

"అంత అనుమానమైతే మానేద్దాం."

"నీ ఇష్టం."

"నాదేముంది, మీ ఇష్టం."

ఇష్టాలతో తలుపు నిండిపోయింది. ఆమెకు రావాలని లేదు కాబోలని ఆయనకు అన్నం సయించలేదు.

పన్నెండో సోమవారం పొద్దున ఆయన సంచిలో చివరి పొట్లం వేసి, ప్రెస్సుకు కడుపునొప్పని ఫోన్ చేసి, గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె వస్తూనే కంగారుగా నుదుటి మీద చెయ్యి వేసింది.

"జ్వరమా?"

ఆయన ఆ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. "నావల్ల కావట్లేదే. సంచి ఎత్తితే నడుం విరుగుతోంది. ఆ పట్టీ నాదే."

ఆమె పక్కనే కూలబడింది. "నా బతుకూ అదేనండీ! రోజూ వీధి మలుపులో కూర్చుని ఏడుస్తున్నా. చెబితే మీరొక్కరే వెళ్ళిపోతారేమోనని..."

"ఒక్కణ్ణీ ఎందుకెళ్తానే? ఒంటరిగా ఉండటానికి ఇల్లు చాలదా?"

ఆమె కళ్ళు తుడుచుకుని, "అయినా ఇదేం బరువండీ! పోయిన వారం నా పొట్లం దూర్చడానికే చోటు లేదు" అంది.

"నీ పొట్లమేంటి?"

"ప్రతి సోమవారం కింది జిప్పు తీసి వేస్తున్నాగా."

"కింద జిప్పుందా?"

ఊరందరి తప్పులూ పట్టే మనిషి సంచిని నేల మీద బోర్లించాడు. పైనుంచి ఆయన వేసినవి పన్నెండు, కిందినుంచి ఆమె వేసినవి పదకొండు. పన్నెండు మాత్రం తిరిగి సర్ది భుజాన వేసుకుంటే దూదిలా ఉంది. ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

"రెండో సంచి కొనాలి. దుకాణం పదింటికి తెరుస్తారు, ఇద్దరం వెళ్దాం" అన్నాడాయన. తొమ్మిదిన్నరకు ఆమె ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఇరవై మూడు కిలోలకు అలవాటుపడ్డ భుజం కాబట్టి, సాయంత్రం దాకా కదల్లేదు.