గవర్రాజు పెట్టిన వరుస

ఒక పెద్ద అడవిలో ఎవరికి ఏ కబురు చేరాలన్నా గోరువంక నాంచారమ్మే దిక్కు. కొమ్మెక్కి ఒక్కసారి అరిచేది, ఎగిరిపోయేది. విన్నవాళ్లు విన్నారు. విననివాళ్ల సంగతి ఆమెకు పట్టేది కాదు.

ఆ అలవాటు వల్లే నక్క గవర్రాజు పరువు పోయింది. నెమళ్ల ఇంట విందన్న మాట ఆయన చెవిన పడింది గానీ, వాయిదా పడిందన్న మాట పడలేదు. తోక దువ్వుకుని, భార్యాపిల్లలతో బయల్దేరాడు. తీరా వెళితే ఖాళీ పొద. ఎవరికీ తెలియదులే అనుకున్నాడు. సాయంత్రానికల్లా కప్పలు కూడా చెప్పుకుని నవ్వుకున్నాయి.

గవర్రాజు అడవి సభకు కార్యదర్శి. మర్నాడే సభలో లేచాడు.

"ఇక అరుపులు బంద్. కబురు ఆకుల మీద రాయాలి. మాటకో ఆకు, ఆకుకో అంకె. ఉడతలు మోస్తాయి. ముందు 'వింటున్నారా?' అనాలి. అవతలివాళ్లు 'వింటున్నాం, మీరు వింటున్నారా?' అనాలి. 'మేమూ వింటున్నాం' అన్నాకే ఆకు ఇవ్వాలి. అందిన ప్రతి ఆకుకూ 'అందింది' అనాలి. అనకపోతే మళ్లీ పంపాలి. అంకెల వరుస తప్పి ఎవరూ చదవకూడదు."

"తొందర కబురైతేనో?" అంది నాంచారమ్మ.

"తొందరపడే కదమ్మా, నేను ఖాళీ పొదకు వెళ్లింది!"

అధ్యక్షుడు ఏనుగు తలూపాడు. ఆయన దేనికైనా ఊపుతాడు.

అన్యాయంగా అనకూడదు, పద్ధతి బాగానే నడిచింది. కోతుల చెట్ల తగాదా తీర్పు ఒక్క మాట పొల్లుపోకుండా చేరింది. రెండు పక్షాలూ సమానంగా తిట్టుకున్నాయి.

అంతలో వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం, ఏటి ఎగువన ఉండే నీటికుక్క వరద రావడం చూసింది. గవర్రాజు బొరియ దిగువన, ఏటి ఒడ్డునే. పాపం, పద్ధతి ప్రకారం అయిదు ఆకులు పంపింది.

మొదటి ఆకు: 'గవర్రాజుగారూ'. రెండోది: 'ఏట్లో'. తర్వాత నాలుగూ అయిదూ వచ్చాయి. మూడోది రాలేదు.

"ఏట్లో చేపలు పడ్డాయేమో," అన్నాడు గవర్రాజు లొట్టలేస్తూ.

"నాలుగోది తిప్పి చూడండి," అంది భార్య తాయారమ్మ.

"వరుస పెట్టినవాణ్ని నేనే తప్పితే ఎలాగే? ఏమయ్యా సింగన్నా, మూడోదేదీ?"

"దారిలో జారిపోయిందండీ," అన్నాడు ఉడత సింగన్న. "మళ్లీ పంపమన్నాం. అక్కడ 'వింటున్నారా' దగ్గరున్నారు."

"నాన్నా, కాళ్లు తడుస్తున్నాయి," అన్నాయి పిల్లలు.

"మూడోది రానీండ్రా."

అప్పుడే పైనుంచి ఒక అరుపు. "వరద! గుట్టెక్కండి! పరుగెత్తండి!" నాంచారమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అరిచింది, ఎగిరింది, ఇంకో కొమ్మ మీద మళ్లీ అరిచింది. ఏటి ఒడ్డంతా ఖాళీ అయింది.

"వింటున్నానో లేదో అడగనే లేదు!" అని గవర్రాజు మండిపడుతుంటే, తాయారమ్మ పిల్లల్ని ముందుకు తోసి, ఆయన చెవి పళ్లతో పట్టుకుని గుట్ట మీదికి ఈడ్చింది. వాళ్ల వెనకే బొరియ మునిగిపోయింది.

మర్నాడు సభలో అందరూ ఆయనకేసే చూశారు. తప్పయిందంటాడనుకున్నారు. గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"చిన్న సవరణ. ప్రాణాపాయమైతే అరవవచ్చు. అయితే అది ప్రాణాపాయమేనని ముందుగా అయిదు ఆకుల్లో కార్యదర్శికి రాసి, ఒప్పుకోలు తీసుకోవాలి."

ఏనుగు తలూపాడు.

నీతి: మునగక తప్పనప్పుడు నిబంధన ప్రకారం మునగడమే మర్యాద.