మేస్త్రి మింగని కేకు

ఆ ఉదయం బేకరీ మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రి మేనేజరు, డాక్టరు కలిసి కొట్టుకు వస్తారు. కేకు రుచి చూస్తారు. నచ్చితే ఆసుపత్రికి రోజూ సరుకు వేసే పని తనది. నచ్చకపోతే పొయ్యి ఆర్పేసి, కొట్టు తాళం యజమాని చేతిలో పెట్టడమే. ఎదురుగా అద్దాల బేకరీ వెలిశాక ఈ కొట్లో ఈగలు కూడా నిలవడం లేదు.

చిక్కల్లా ఒక్కటే, మేస్త్రికి షుగరు. ఆ సంగతి భార్యకు తప్ప నరమానవుడికి తెలియదు. చేసినవాడే తినని కేకు ఎవడు కొంటాడని ఆయన భయం. అందుకే రోజూ అందరి ఎదుటా ఒక ముక్క నోట్లో వేసుకుని, తల పంకించి, పొయ్యి చాటుకు పోయి చేతిరుమాల్లో ఊసేసేవాడు. ఆ రుమాళ్లు ఉతకలేక ఇల్లాలు తన తలరాతను తిట్టుకునేది.

డాక్టరు దగ్గరా అదే నాటకం. మొన్న పొయ్యి దగ్గర చేతి బొటనవేలు కాలి చీముపడితే చూపించుకోవడానికి వెళ్లాడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాడు డాక్టరు. రేపోమాపో కేకు తినబోయే మనిషితో ఏమని చెప్పుకుంటాడు? "మందులెందుకండీ, గుండ్రాయిలా ఉంటేనూ" అన్నాడు. గుండ్రాయికి డాక్టరు చీము తగ్గే మాత్రలు రాశాడు.

ఇవాళ మాత్రం వాళ్ల ముందు ముక్క మింగక తప్పదు. అందుకని పొద్దున్నే టిఫిన్ మానేసి, షుగరు మాత్ర మీద ఇంకో మాత్ర వేసుకున్నాడు. భార్య చూసి నిర్ఘాంతపోయింది.

"రెండోది ఎవర్నడిగి వేసుకున్నారు?"

"తినబోయే కేకుకి ముందే బందోబస్తు."

"వేలికిచ్చినవి కూడా వేసుకున్నారా?"

"వేలి మాత్ర వేలికి, షుగరు మాత్ర షుగరుకి. ఒకదాని జోలికి ఒకటి ఎందుకెళ్తుందే?"

అతిథులు ఎంతకీ రాలేదు. మేస్త్రికి చెమటలు పట్టాయి. చేతులు వణికి, కేకు మీద క్రీముతో రాస్తున్న 'స్వాగతం' జారి పళ్లెంలో పడింది. తీరా వాళ్లు వచ్చేసరికి ఆయన కళ్ల ముందు ఇద్దరు మేనేజర్లున్నారు.

"ఇందులో గుడ్డు వేస్తారా?" అని అడిగాడు మేనేజరు మర్యాదగా.

"తినడానికొచ్చారా, నా ప్రాణం తీయడానికొచ్చారా?" అన్నాడు మేస్త్రి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి ఆయనకే ఏడుపొచ్చింది. కొట్టు పోయింది, అంతా అయిపోయింది అనుకుంటూ బల్ల పట్టుకుని తూలాడు.

"పొద్దున్నే పట్టించినట్టున్నాడు" అన్నాడు మేనేజరు. కేక విని మూగిన పక్క కొట్లవాళ్లంతా అవునవునన్నారు.

చెబితే కొట్టు పోతుంది, చెప్పకపోతే మనిషే పోయేలా ఉన్నాడు. గల్లాపెట్టె దగ్గరున్న ఇల్లాలు ముందుకొచ్చింది. "తాగలేదండీ. ఆయనకి షుగరు. దాని మాత్రలు రెండు వేసుకున్నారు. పైన మీరు వేలికిచ్చినవీ వేసుకున్నారు."

డాక్టరు మొహం పాలిపోయింది. "ముందు పంచదార నీళ్లు తెండమ్మా. ఆ రెండూ కలిస్తే షుగరు పాతాళానికి పోతుంది. అడిగినప్పుడు చెప్పొద్దా మీరు?"

నీళ్లు గుటకలేసి, కాస్త తేరుకున్నాక, డాక్టరు తినమంటే మేస్త్రి తన కేకు ముక్కను ఏళ్ల తర్వాత మొదటిసారి మింగాడు. బాగుంది, చాలా బాగుంది. ఇంత బాగా చేస్తూ కూడా దివాలా తీస్తున్నానే అని భోరుమన్నాడు.

అంతలో మేనేజరు మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు. "డాక్టరుగారూ, ఆ నీళ్లు ఇంకా ఉన్నాయా? కేకు తినాలి కదా అని నేనూ ఒకటి ఎక్కువ వేసుకొచ్చాను."

డాక్టరు ఇద్దరినీ ఒకే బండిలో ఎక్కించి, షుగరు మళ్లీ పడిపోకుండా మర్నాటిదాకా పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టాడు. తెల్లవారేసరికి మేనేజరు మనసు కరిగింది. సరుకు వేసే పని మేస్త్రికే ఇచ్చాడు. కాకపోతే కేకులు వద్దు, షుగరు రోగులకు పంచదార లేని బిస్కెట్లు చాలన్నాడు.

ఇప్పుడు మేస్త్రి దాచుకోవడానికేమీ లేదు. చేసినది చేసినట్టు అందరి ఎదుటా మింగుతున్నాడు. చాటుగా ఊసే చేతిరుమాళ్లు ఇప్పుడు ఆసుపత్రి రోగుల దగ్గర కనిపిస్తున్నాయి.