మంత్రిగారి శాంతి చిత్రం

టీవీలో తన్నులాట వస్తే చాలు, జనం ఎందుకు ఎగబడతారో కనిపెట్టేశామని మంత్రి తిబెసిగ్వా గారు కంపాలాలో ప్రకటించారు. వేరే ఏదీ చూపించకపోవడం వల్లేనట! ఇంత లోతైన విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం ఉగాండా దురదృష్టం. ఇకమీదట వీడియో హాళ్లలో కత్తులు, తుపాకులు బంద్. అన్నీ శాంతి చిత్రాలే. తొలి ప్రయోగం కలిసిజో అనే ఊళ్లో, మంత్రిగారి సమక్షంలో.

ఆ ఊరి సాంస్కృతిక అధికారి లుబోవాకి విడిగా ఫోనొచ్చింది. హాలు నిండితే కంపాలాలో కుర్చీ, నిండకపోతే దేశం చివర కరువు సీమ కరమోజాకి బదిలీ. ఇంట్లో భార్య నిండు చూలాలు. కరమోజా అనే మాట ఆమె దగ్గర ఎత్తడానికి లుబోవాకి గుండె చాల్లేదు.

చిత్రం పేరు 'అరటిలో ముక్కుపురుగు నివారణ'. పురుగు పాకుతుంది, రైతు తవ్వుతాడు. ఇంకా మంత్రిగారు రాకముందే జనం లేవడం మొదలుపెట్టారు.

"పురుగుని చూడ్డానికి ఇక్కడిదాకా రావాలా సారూ? మా తోటకి రండి, బోలెడన్ని చూపిస్తా" అంది అరటి సారా అమ్మే నాకింటు.

ఆ హాల్లో ఏ దేశం సినిమా వేసినా, పక్కన మైకు పట్టుకుని ఊరి భాష లుగాండాలో కథ చెప్పేవాడు సెంపిజా. జనం టిక్కెట్టు కొనేది అతని నోటి కోసమే. శాంతికి వ్యాఖ్యానం దేనికని లుబోవాయే ఆ రోజు అతనికి సెలవిచ్చాడు. ఇప్పుడు వెళ్లి అతని చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వే దిక్కు. ఏదో ఒకటి చెప్పు."

"రక్తం లేకుండానా సార్?"

"లేకుండానే."

"పురుగుకి రక్తమెక్కడిది? మీరు నిశ్చింతగా కూర్చోండి." సెంపిజా మైకు అందుకున్నాడు. "కూర్చోండ్రా! ఈ ముక్కోడు ఎవడనుకున్నారు? ఈ రైతు అన్నని చంపిన నీచుడు! అదిగో, దుంప వెనక నక్కాడు. ఒరేయ్ ముక్కోడా, మగాడివైతే బయటికి రారా!"

గుమ్మం దాటినవాళ్లు వెనక్కొచ్చారు. వచ్చినవాళ్లు చుట్టాలకి ఫోన్లు చేశారు. మంత్రిగారు దిగేసరికి జనం కిటికీలు పట్టుకుని వేలాడుతున్నారు.

"చూశావా లుబోవా! శాంతి కోసం జనం ఎంత మొహం వాచి ఉన్నారో!" అంటూ మంత్రిగారు ముందు వరుసలో కూర్చున్నారు.

రైతు కత్తి ఎత్తాడు. "నరికెయ్!" అని హాలు అరిచింది. పురుగు నుజ్జయింది.

"మళ్లీ వెయ్యండ్రా అది!" అని ఒక గొంతు. మంత్రిగారిదే.

తర్వాత ఆయన అహింస మీద ఇంగ్లీషులో ప్రసంగం ఎత్తుకున్నారు. రెండో వాక్యానికే బల్లలు కిర్రుమన్నాయి. నాకింటు లేచి నిలబడింది. లుబోవా కళ్ల ముందు కరమోజా దుమ్ము లేచింది. దీనంగా సెంపిజా వైపు చూశాడు.

ఆ హాల్లో పరాయి భాష వినపడితే సెంపిజా ఊరుకోలేడు. "మంత్రిగారు ఏమంటున్నారూ? ముక్కోడు చచ్చాడు, కానీ వాడి తమ్ముడు బతికే ఉన్నాడు! వాడి జాడ మంత్రిగారికి తెలుసు! తన్నడానికే కంపాలా నుంచి వచ్చారు!"

హాలు దద్దరిల్లింది. నాకింటు కూర్చుంది. లుబోవా కళ్లు మూసుకున్నాడు, ఎందుకంటే మంత్రిగారికి లుగాండా శుభ్రంగా వచ్చు.

మంత్రిగారు ప్రసంగం ఆపారు. చప్పట్లు మొత్తం అయ్యేదాకా విన్నారు. తర్వాత కోటు విప్పి లుబోవా చేతికిచ్చారు.

"జాగ్రత్త. కంపాలాకి నువ్వే తేవాలి" అన్నారు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ సెంపిజా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"తమ్ముడొక్కడేనా?"