కిమ్చీ దుర్గమున లాగర్ ప్రవేశము

స్వస్తి. నలువైపుల మంచుకొండలు కాపుగాయు దేగు మహానగరమున, శిశిరుడు ధవళచ్ఛత్రమెత్తి రాజ్యమేలుచుండగా, మింటినంటు అపార్ట్‌మెంటొకదాని బాల్కనీయందు, బీమా కంపెనీ గుమాస్తాయు, గృహబీరుపాకధురంధరుడును, బంధుజనపరిహాసైకపాత్రుడును అగు ఓక్ దుహ్యన్ ఒక ప్లాస్టిక్ పీపా యెదుట మోకరిల్లియుండెను.

అందున్నది లాగర్ బీరు. ఆ జాతి బీరు మహాసుకుమారి. పులియునపుడు చల్లదనమును, పులిసిన పిమ్మట వారముల తరబడి గడ్డుచలిలో నిద్రయు లేనిచో తేటపడదు, గొంతు దిగదు. తగిన శీతలయంత్రము దుహ్యనుకు లేదు. ఉన్నవి బాల్కనీయు, ప్రతిజ్ఞయు. మామగారి డెబ్బదియవ పుట్టినరోజున తన చేతి బీరే పోసెదనని నిండు విందులో శపథము పట్టెను. క్రిందటియేడు అతని సీసా పేలి మామగారి కొత్తకోటును తడిపినది మొదలు, ఆ పెద్దమనిషి అల్లునితో వాతావరణము తప్ప వేరు మాటలాడి యెరుగరు.

అట్టి తరి దక్షిణపు వేడిగాలి దండెత్తెను. ఉష్ణమాపకమున ఎర్రగీత శత్రుధ్వజమువలె పైకెగబ్రాకెను. వీరుడు పీపాకు తడిబట్టల కవచము తొడిగి, మంచుసీసాల సైన్యమును చుట్టును మోహరించి, టేబుల్‌ఫ్యాను అస్త్రమును ప్రయోగించి, "ఓరీ దుష్టపవనమా! ఈ ఓక్ వంశజుడు జీవించియుండగా నా పీపాను తాకజాలవు!" అని గర్జించెను.

"తువ్వాళ్లంటే సరే, నా స్వెటరెందుకు తడిపారండీ?" అని భార్య హ్వాయంగ్ అడిగెను. "అంత చలి కావాలంటే మా అమ్మ కిమ్చీ ఫ్రిజ్ ఉందిగా?"

కిమ్చీ ఫ్రిజ్! వెల్లుల్లి దట్టించి పులియబెట్టిన కూరల ఊరగాయయగు కిమ్చీని గడ్డుచలిలో దాచు పెట్టె! క్రింది అంతస్తున అత్తగారు తక్ మాల్సున్ అహర్నిశలు కాపుగాయు దుర్భేద్యదుర్గమది. పరాయి గిన్నె అందు కాలిడి యెరుగదు. దుహ్యన్ వెళ్లి సాగిలపడెను.

"శీతలసామ్రాజ్యాధీశ్వరీ! శరణార్థినై వచ్చితిని..."

"నాటకాలాపి లే అల్లుడూ. ఆ సీసాలు మళ్లీ పేలవు కదా?"

"పేలవత్తయ్యా."

"పోయినసారీ ఇదే అన్నావు." ఆమె ఫ్రిజ్ తెరిచి చూపెను. "చోటేదీ? అడుగున ముల్లంగి కిమ్చీ డబ్బా ఉంది. బాగా పులిసిపోయింది, ఎవరూ ముట్టట్లేదు. పారెయ్యడానికి నాకు చేతులు రావు. తిని ఖాళీ చెయ్, ఆ చోటు నీది."

అంతట ఆరంభమయ్యెను ముల్లంగి మహాసంగ్రామము. ఉదయమున పులుసుగా, మధ్యాహ్నమున వేపుడన్నముగా, సాయంకాలమున పచ్చిదే కరకర నమలుచు, కన్నీటిధారలతో, త్రేన్పుల భేరీనాదములతో ఆ మహావీరుడు శత్రుసంహారము గావించుచుండెను. ఆఫీసులో ప్రక్కసీటువారు కిటికీలు తెరచిరి. హ్వాయంగ్ సైతము జాలిపడి, "ఇలా తెండి, నేనూ నాలుగు ముక్కలు తింటా" అని చాప్‌స్టిక్స్ అందుకొనెను. ఎట్టకేలకు డబ్బా అడుగు కనబడెను. సీసాలకెక్కిన లాగర్ క్యాబేజీ కిమ్చీల నడుమ యోగనిద్రకు పవ్వళించెను.

జన్మదినము రానే వచ్చెను. దుహ్యన్ మూత తీసెను. పేలలేదు! బంగారు రంగున, కించిత్తు మసకగా, బీరు గ్లాసులోనికి దిగెను. మామగారు ఒక గుక్క పుచ్చుకొని కన్నులు మూసికొనిరి. బంధువులు ఊపిరి బిగబట్టిరి.

"వెల్లుల్లి వేశావా?"

"లేదు మామయ్యా. ఫ్రిజ్‌లో... పక్కన కిమ్చీ ఉంది."

"ఊఁ." ఆయన మరియొక గుక్క త్రాగిరి. ఎండుచేప నొకటి తుంచి నోట వేసికొనిరి. గ్లాసు ఖాళీ అయ్యెను. అటుపై సీసాను తామే అందుకొని అల్లుని వైపు చాచిరి. "ఏం చూస్తున్నావ్? గ్లాసు పట్టు. ఒక్కణ్ణే తాగమంటావా?"

దుహ్యన్ రెండుచేతుల గ్లాసు పట్టెను. మామగారి చేతినుండి తన బీరే తనకు, సగము నురుగై, దిగెను.

వినుడు, ఎల్లజనులారా! రెండు గ్లాసుల మేర, వెల్లుల్లి వాసనతో, ఓక్ దుహ్యన్ గెలిచెను!