ఐదో చిత్రం ఎక్కడ?

ఆ శనివారం రెగిట్సె పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, పదకొండింటికి ఊరి కళాభవనానికి వెళ్ళి, తన ఐదు నైరూప్య చిత్రాల గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. రేవులో కట్టిన కొత్త భవనం కోసం పురపాలక సంఘం తరఫున గున్‌వోర్ గారు వచ్చి ఒక చిత్రం ఎంచుకుంటారు. ఇరవై ఏళ్ళలో ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఈసారీ ఎవరూ కన్నెత్తి చూడకపోతే కుంచెలు అటకెక్కించేయాలని ఆమె ఒట్టు పెట్టుకుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ చిత్రాల అర్థమేమిటో ఆమెకే తెలియదు.

"ఇంత నీలం ఎందుకు వేశానంటావ్?" అని భర్తనడిగింది.

"నన్నడుగుతావేమిటే? వేసింది నువ్వు!" అన్నాడు ఐవిన్, రొట్టె మీద గోధుమరంగు చీజ్ ముక్క పెట్టుకుంటూ. "ఆ ఐదోది బాగుంటుంది. దాని గురించే చెప్పు."

అదే ఖాయం చేసుకుని వెళ్ళింది. తీరా చూస్తే గోడ మీద నాలుగే ఉన్నాయి. చిత్రాలు తగిలించిన తోర్గిల్స్‌ను పట్టుకుంది.

"నా పెద్ద చిత్రం ఏదయ్యా?"

"మీరు రాసిన చోటే తగిలించానండీ. పాయిఖానాలో."

"నేనా! ఎక్కడ రాశాను?"

"వెనకాల ఇంత లావు అక్షరాలతో రాసి నన్నంటారేమిటండీ? 'డో' అనుంది!"

రెగిట్సె పుట్టింది డెన్మార్క్‌లో. పైవైపు ఎటో మరిచిపోకుండా ప్రతి చిత్రం వెనకాల తన భాషలో 'ఓప్' అని రాసుకుంటుంది, 'పైకి' అని. ఆ రెండు ఇంగ్లిషు అక్షరాలూ (op) తలకిందులైతే 'పి' కాస్తా 'డి' అయి ముందుకొచ్చి, 'డో' (do) అయి కూర్చుంటుంది. ఆమె కాపురముంటున్న నార్వేలో డో అంటే పాయిఖానా. వ్యానులోంచి నాలుగు చిత్రాలు సవ్యంగా దిగాయి, ఈ ఒక్కటి తలకిందులుగా దిగింది.

"అక్కడ ఎవరైనా చిత్రం పెట్టమంటారటయ్యా?"

"మా కొండమీది ఇంట్లో రాజుగారి ఫొటో అక్కడే ఉందండీ. గౌరవం కొద్దీ పెట్టుకున్నాం," అన్నాడు తోర్గిల్స్ నొచ్చుకుంటూ.

తెచ్చేద్దామని పరిగెత్తింది. లోపల గడియ పడి ఉంది. భవనం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క పాయిఖానాయే.

"గున్‌వోర్ గారు లోపలికి వెళ్ళి ఇరవై నిమిషాలైంది," అన్నాడు, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్న ఒక పెద్దమనిషి.

ఆవిడకి కళ్ళు తిరిగాయేమోనన్నారొకరు. తలుపు బిగుసుకుందన్నారు మరొకరు. తోర్గిల్స్ సుత్తి తెచ్చాడు. అయిపోయింది నా పని, అనుకుంది రెగిట్సె.

సుత్తి ఎత్తేలోగా తలుపు తెరుచుకుంది. గున్‌వోర్ గారి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎంత హాయిగా ఉందమ్మా! హాల్లో వాటి ముందు నిమిషం నిలబడలేకపోయాను, దీని ముందు లేవబుద్ధి కాలేదు. ఇది మా ఊరికి కావాలి. వేసేటప్పుడు ఏమనుకున్నారు?"

రెగిట్సె తొంగి చూసింది. చిత్రం తలకిందులుగా వేలాడుతోంది. ఖర్మ ఏమిటంటే, అలాగే బాగుంది. అడుగున ఎందుకుందో ఏడాదిపాటు తనకే తెలియని నీలం ఇప్పుడు పైకెక్కి ఆకాశమై కూర్చుంది. నిజం చెబితే బేరం పోతుంది. చెప్పకపోతే, ఇంతకీ ఆ బొమ్మ ఎవరు వేసినట్టు?

"అది తలకిందులుగా ఉందండీ," అనేసింది చివరికి.

"అవునవును! నాకూ లోకం అలాగే అనిపించింది!" అని గున్‌వోర్ గారు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. "ఇలాగే పంపించండి."

కబురు క్షణంలో పాకింది. వచ్చినవాళ్ళంతా నాలుగు చిత్రాలకూ వీపు తిప్పి పాయిఖానా ముందు వరస కట్టారు. తన చిత్రం గురించి తీరిగ్గా ఆలోచించుకోవాలని రెగిట్సె కూడా చివర నిలబడింది. ఆమె ముందు పదిహేడు మంది ఉన్నారు.